గాజుగొట్టంలో నీలిరంగు

1923 అక్టోబరు. భీమవరంలో పుట్టి మద్రాసులో వైద్యం చదివిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్‌లో దిగాడు. పగలు హార్వర్డులో చదువు. రాత్రిళ్లు పీటర్ బెంట్ బ్రిగామ్ ఆస్పత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే కొలువు. వైద్య పట్టా ఉన్న మనిషికి అక్కడ దొరికిన పని అది.

తర్వాత సైరస్ ఫిస్కే ప్రయోగశాలలో చేరాడు. ఫాస్ఫరస్ ఉన్న నమూనాలో మాలిబ్డేటు పోసి, మరో రసాయనం కలిపితే గొట్టంలో నీలం తేలింది. ఎంత చిక్కటి నీలమైతే అంత ఫాస్ఫరస్. 1925లో అచ్చయిన ఫిస్కే–సుబ్బారావు పద్ధతి ఇదే.

మన ముదినేపల్లి నుంచి కైకలూరు, ఆకివీడు మీదుగా పోతే ఆయన పుట్టిన భీమవరమే. కానీ మన ఊళ్లలో డయాలసిస్‌కు తిరిగేవాళ్ల రిపోర్టు విప్పితే ఇంటిల్లిపాదీ చూసేది క్రియాటినిన్ ఒక్కటే. కిందనున్న ఫాస్ఫరస్‌ను దాటేస్తారు. నా బాధంతా అక్కడే.

పాడైన కిడ్నీ ఫాస్ఫరస్‌ను బయటికి పంపలేదు, విటమిన్ డిని పనికొచ్చేలా మార్చలేదు. రక్తంలో కాల్షియం తగ్గుతుంది. మెడలో థైరాయిడ్ వెనక బియ్యపుగింజంత ఉండే నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులు రేయింబవళ్లు హార్మోను గుమ్మరిస్తూ ఎముకల్లోని కాల్షియాన్ని లాగేస్తాయి. ఎముకల నొప్పులు, దురద, రక్తనాళాల్లో సున్నం.

ఈ గ్రంథి కాల్షియాన్ని ఎలా పసిగడుతుందో 1993లో తేల్చింది ఎడ్వర్డ్ బ్రౌన్, స్టీవెన్ హెబర్ట్‌ల బృందం. ఎక్కడనుకున్నారు? సుబ్బారావు పాత్రలు కడిగిన ఆ ఆస్పత్రి వారసురాలైన బ్రిగామ్ అండ్ విమెన్స్‌లోనే! కాల్షియాన్ని పసిగట్టే ఆ గ్రాహకం మీదే పనిచేసే సినాకాల్సెట్ అనే మందుకు 2004లో అమెరికాలో అనుమతి దొరికింది. ఉన్న కాల్షియమే చాలన్నట్టు గ్రంథిని నమ్మించి హార్మోనును తగ్గిస్తుంది. అయితే 3,883 మందిపై జరిగి 2012లో వెలువడిన ఈవాల్వ్ పరీక్షలో, గుండెజబ్బులనూ మరణాలనూ తగ్గిస్తుందని ఖాయంగా తేలలేదు. ఈ మాట దాచకూడదు.

డయాలసిస్ మంచం దగ్గర సినాకాల్సెట్ గురించి మాట ఇలా నడుస్తుంది:

“ఆ మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతోందమ్మా. మానేశా.”

“చెప్పకుండా మానేస్తే ఎలా బాబాయ్‌గారూ? అన్నంతో వేసుకోండి. అయినా తగ్గకపోతే డాక్టరుగారు డోసు చూస్తారు. మూతి చుట్టూ తిమ్మిరెక్కినా, కండరాలు పట్టేసినా వెంటనే చెప్పండి, కాల్షియం పడిపోయిందేమో చూడాలి.”

“మరి ఫాస్ఫరస్ మాత్ర?”

“అదీ అన్నంతోనే. తిన్నదాంట్లోని ఫాస్ఫరస్‌ను పట్టుకునేది అదే. ఎండుచేపలు మాత్రం ఇక వద్దు.”