ఊహాశక్తి, ఆత్మ, పొన్నూరు నాజర్

కళ పుట్టేది ఇంద్రియాల్లోనా, ఆత్మలోనా? ఇస్లామిక్ తత్త్వవేత్తలు వెయ్యేళ్ల కిందటే దీన్ని తర్కించారు. 950లో మరణించిన అల్ ఫారాబీ సంగీతం మీద పెద్ద గ్రంథమే రాశాడు. ఇంద్రియాలు తెచ్చిన రూపాలను దాచి, విడదీసి, కొత్తగా కలిపేది ఊహాశక్తి అన్నాడు. ప్రవక్తల దర్శనాలనూ ఆ శక్తితోనే వివరించాడు.

ఇబ్న్ సీనా (980–1037) దీన్ని ఇంకా తరచి చూశాడు. వెలుపల ఐదు ఇంద్రియాలున్నట్టే లోపలా ఐదున్నాయన్నాడు. తోడేలు కంటపడగానే గొర్రె పారిపోతుంది. పగకు రంగూ వాసనా లేవే, మరి దానికెలా తెలిసింది? ఆ పగను పట్టే శక్తి ఒకటి, దాన్ని గుర్తుంచుకునేది ఇంకొకటి. చూసినవీ విన్నవీ ఒకచోట చేర్చేది, రూపాలను నిలిపేది, వాటిని కలిపి విడదీసేది మిగతా మూడు. కళాకారుడి బతుకంతా ఆ చివరిదాని మీదేనని నాకనిపిస్తుంది.

1111లో మరణించిన గజాలీ, పాట వినవచ్చా అన్న వివాదానికి తన గ్రంథం 'ఇహ్యా'లో ఒక ప్రకరణమే ఇచ్చాడు. పాట గుండెలో లేనిదాన్ని తెచ్చిపెట్టదు, ఉన్నదాన్నే కదుపుతుందన్నది ఆయన వాదం. సూఫీ చింతకుడు ఇబ్న్ అరబీకైతే ఊహ ఆత్మకూ పదార్థానికీ నడుమ ఉన్న ఒక లోకమే.

దక్కనుకు వస్తే, బీజాపూరు సుల్తాను రెండో ఇబ్రహీం ఆదిల్‌షా 'కితాబ్-ఎ-నౌరస్' పాటల్లో సరస్వతిని స్తుతించాడు. పిఠాపురంలో సూఫీ పీఠాధిపతి ఉమర్ అలీషా పారశీక కవి ఖయ్యాం రుబాయీలను తెలుగు చేశారు.

ఇక పొన్నూరు. 1920లో ఇక్కడ దూదేకుల ఇంట పుట్టిన బుర్రకథకుడు షేక్ నాజర్ గజాలీని చదివారని నేననను. కానీ భుజాన తంబురా, చేతిలో అందెలు, ఇరుపక్కలా వంతలతో 'పల్నాటి యుద్ధం' చెబుతుంటే ఒక్క మనిషే బ్రహ్మనాయుడూ, నాగమ్మా అయ్యేవారు. జంగాల నాటి కథను ప్రజానాట్యమండలి వేదిక మీదికి తెచ్చి, 'బెంగాల్ కరువు'నూ అదే గొంతుతో పలికించారు. రూపాలను కలిపి విడదీయడమంటే ఇదే. జనం గుండెల్లో ముందే ఉన్న పౌరుషమూ ఆకలీ లేకపోతే ఆ కథ అంతగా రగిలేదా? నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చింది.

ఈ నేల మీద నాజర్ ఒంటరివారూ కారు. ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానాది తరతరాల నాదస్వర వంశం. శ్రీరంగంలో స్థిరపడి, నమాజు చేస్తూనే రంగనాథుడి సన్నిధిలో వాయించిన ఆయన 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ 'సంగీత కళానిధి' అయ్యారు.