‘ఇది పోతే ఏం చేస్తావ్?’

2019 మార్చి. ముంబయి అంధేరీలో తెల్లవారుజామున మూడున్నరకి ఐదుగురు జెట్ ఎయిర్‌వేస్ ఎయిర్‌హోస్టెస్‌లు క్రూ వ్యాన్‌లో కూర్చున్నారు. ఒకటే పసుపు కోటు, ఒకటే ముచ్చట: కంపెనీ మూసేస్తే ఎవరేం చేస్తారు? ఒకామె పుణెలో కేకుల కొట్టు పెడతానంది. ఇంకొకామె గల్ఫ్ విమానాలకి అప్లికేషన్ పెట్టేసిందట, ఎవరికీ చెప్పొద్దంది. మరొకామె "పెళ్ళి చేసుకుంటా" అనేసరికి వ్యాన్ అంతా నవ్వింది.

"ఇది పోతే నువ్వేం చేస్తావక్కా?" తెనాలి నుంచి వచ్చి రెండేళ్ళ కిందట చేరిన పిల్ల అడిగింది. ఆ వ్యాన్‌లో తెలుగువాళ్ళు వాళ్ళిద్దరే.

"ఏదీ పోదు, కాసేపు పడుకో. 2008లోనూ ఇలాగే అన్నారు," అంది సీనియర్.

(వ్యాన్‌లో మాటలు, ముందు రాబోయే ఇంటి మాటలు ఊహించి రాసినవి. మనుషులు కూడా చాలామంది బతుకుల్లోంచి అల్లిన పాత్రలు. తేదీలు, అంకెలు, తీర్పులు మాత్రం జరిగినవే.)

2008 అక్టోబరు ఆమెకి బాగా గుర్తు. ఆ ఏడాదే ఉద్యోగంలో చేరింది. ఇంధనం ధర మండిపోయి, అమెరికాలో బ్యాంకులు కూలుతున్న రోజులు. జెట్ ఎయిర్‌వేస్ 1,900 మందిని తీసేస్తున్నట్టు చెప్పింది. యూనిఫాంలతోనే పిల్లలు రోడ్డెక్కారు, ఆ ఏడుపులు దేశమంతా టీవీల్లో చూసింది. రెండు రోజులకే యజమాని నరేశ్ గోయల్ రాత్రిపూట విలేకరుల్ని పిలిచి అందరినీ వెనక్కి తీసుకుంటున్నానన్నాడు. ఉద్యోగంతోపాటు వాళ్ళకి ఓ నమ్మకం కూడా అంటుకుంది. ఎంత ముదిరినా చివరి నిమిషంలో ఎవరో ఒకరు వచ్చి ఆపుతారని. పదకొండేళ్ళ తర్వాత ఎక్కువమందిని ముంచింది ఆ నమ్మకమేనని నాకనిపిస్తుంది. ఆనాడు నిజంగానే ఉద్యోగం పోయి ఉంటే ఈపాటికి ఇంకో పని చేతిలో ఉండేది.

సీనియర్ భర్త కూడా అదే కంపెనీలో టెక్నీషియన్. విమానం కింద దూరి పని చేసేది అతను. పని అయిందని సంతకం పెట్టేది లైసెన్సు ఉన్న ఇంజనీరు. ఆ సంతకానికే విలువ. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ లైసెన్సు పరీక్షల్లో అతనికి ఇంకో రెండు పేపర్లు మిగిలాయి. రాత్రి డ్యూటీలు, పిల్లాడి స్కూలు, ఏదో ఒక వంకతో మూడేళ్ళుగా అవి అలాగే ఉన్నాయి.

"ఈసారి రాసెయ్యండి," అనేది ఆమె.

"రాద్దాంలే, కంపెనీ ఒక కొలిక్కి రానీ."

జనవరి నుంచే పైలట్లకి, ఇంజనీర్లకి పూర్తి జీతం పడటం లేదు. తక్కినవాళ్ళకి మార్చి జీతం దగ్గర ఆగింది. ఈ తేడా వల్లే చాలామందికి ఆపద ఆలస్యంగా తెలిసింది. కాక్‌పిట్ తలుపు అవతల జీతాలు రాకపోవడం పెద్దవాళ్ళ గొడవనుకున్నారు. మార్చి 25న గోయల్ ఛైర్మన్ పదవి వదిలేశాక, ఇక బ్యాంకులే కంపెనీని నడుపుతాయని ధైర్యపడ్డారు కూడా.

ఊరి నుంచి సీనియర్ నాన్న ఫోన్. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు.

"ఏమ్మా, జీతం పడిందా?"

"ఈ నెల కాస్త ఆలస్యం నాన్నా."

"మాకూ ఆలస్యమయ్యేది. కానీ బస్సు డిపో దాటకుండా ఏనాడూ లేదు. మీ విమానాలు ఎన్ని తిరుగుతున్నాయి?"

ఆమె చెప్పలేదు. నిరుడు వందకు పైగా విమానాలున్న కంపెనీ. అద్దె కట్టలేదని లీజు కంపెనీలు ఒక్కొక్కటే వెనక్కి తీసుకుంటుంటే, ఏప్రిల్ రెండో వారానికి మిగిలినవి వేళ్ళమీద లెక్కపెట్టేన్ని. ఫ్లైటు లేని రోజున ఫ్లయింగ్ అలవెన్సు ఉండదు. ఎయిర్‌హోస్టెస్ జీతంలో బేసిక్ చిన్నది, గాల్లో గడిపిన గంటలకిచ్చే డబ్బే పెద్దది. బ్యాంకు ఇంటి అప్పు ఇచ్చేటప్పుడు మొత్తం చూసి ఇచ్చింది. ఈఎంఐ కూడా దాన్నిబట్టే.

ఏప్రిల్ 17. స్టేట్ బ్యాంకు నాయకత్వంలోని రుణదాతలు అత్యవసర నిధులు ఇవ్వలేమన్నారని సీఈవో వినయ్ దూబే నుంచి సిబ్బందికి ఈమెయిల్ వచ్చింది. రాత్రి పదిన్నర ప్రాంతంలో అమృత్‌సర్ నుంచి ముంబయికి లేచిన బోయింగ్ 737 ఆఖరి విమానం. మర్నాడు ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర యూనిఫాంలు మళ్ళీ రోడ్డెక్కాయి. ఈసారి రాత్రిపూట విలేకరుల్ని పిలిచినవాళ్ళు ఎవరూ లేరు.

సుమారు 20 వేల మంది. అందరిదీ ఒకే కష్టమని పేపర్లు రాశాయి. నాకు తెలిసినంతలో అలా లేదు. ఎవరి చేతిలో ఏ కాగితం ఉందన్నదాన్నిబట్టి దారులు చీలాయి. పైలట్‌కి లైసెన్సు ఒక్కటే చాలదు, ఏ రకం విమానం నడపొచ్చో రేటింగ్ కావాలి. జెట్‌లో ఎక్కువమంది 737 నడిపేవాళ్ళు. దేశంలో అతిపెద్ద కంపెనీ ఇండిగోవి ఎక్కువగా ఎయిర్‌బస్సులు. వీటి నుంచి వాటికి మారాలంటే మళ్ళీ శిక్షణ, లక్షల్లో ఖర్చు. పెద్ద 777 కమాండర్లకి దేశంలో మిగిలింది ఎయిరిండియా ఒక్కటే, కాదంటే విదేశం. అదే చిన్న ఏటీఆర్ నడిపే కుర్ర కో-పైలట్‌కి అప్పుడు ఇండిగో, ట్రూజెట్, అలయన్స్ మూడు తలుపులుండేవి. హోదా పెరిగేకొద్దీ దారి ఇరుకవడం ఈ ఒక్క పరిశ్రమలోనే చూశాను.

737 వాళ్ళకి దారి మరోవైపు నుంచి తెరుచుకుంది. మార్చి 10న ఇథియోపియాలో 737 మ్యాక్స్ కూలింది. మూడు రోజుల్లో మన డీజీసీఏ ఆ రకాన్ని నేల మీద నిలిపేసింది. స్పైస్‌జెట్ మ్యాక్స్‌లు షెడ్డులో పడ్డాయి. వాటి లోటు తీర్చుకోవడానికి ఆ కంపెనీ జెట్ వదిలేసిన పాత 737లను తీసుకుంది, నడిపే మనుషుల్నీ తీసుకుంది. వందమందికి పైగా పైలట్లని, రెండొందలకి పైగా క్యాబిన్ క్రూని, అంతేమంది టెక్నికల్, ఎయిర్‌పోర్టు సిబ్బందిని చేర్చుకున్నామని ఏప్రిల్‌లోనే ప్రకటించింది. ఎక్కడో కూలిన విమానం ఇక్కడ ఐదొందల ఇళ్ళలో పొయ్యి వెలిగించింది. ఈ మాట రాయడానికే చెయ్యి ఆడదు, కానీ లెక్క అదే.

సీనియర్ ఇంటర్వ్యూలకి తిరిగింది. ఎయిర్‌లైన్స్‌లో వయసు చూశారు, కొత్తగా చేరినవాళ్ళ జీతమిస్తామన్నారు. ఓ ఐదు నక్షత్రాల హోటల్లో మేనేజరు అడిగాడు:

"మీకేం పని వచ్చు మేడమ్?"

నిండు విమానాన్ని సగం తలుపుల్లోంచే తొంభై సెకన్లలో ఖాళీ చేయించడం, గాల్లో మంటలార్పడం, గుండె ఆగినవాడికి సీపీఆర్ చెయ్యడం... ఆ ఫారంలో దేనికీ గడి లేదు. "కస్టమర్ సర్వీస్" అని రాసి వచ్చింది.

దొరికిన పని వింతది. ఎయిర్‌హోస్టెస్ అవ్వాలనుకునే పిల్లలకి నేర్పించే ఇన్‌స్టిట్యూట్‌లో టీచరు ఉద్యోగం. ఇంటర్ పాసైన పిల్లలు, ఫీజుకోసం పొలం తాకట్టు పెట్టిన తండ్రులు. "ఈ లైన్‌లో భవిష్యత్తు ఉంటుందాండీ?" అని ఓ తండ్రి అడిగితే, ఏం చెప్పాలో ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ముందే రాసిచ్చారు. ఆమె అది చదవలేదు. "ఇంగ్లీషు బాగా నేర్పిస్తానండీ, అది ఎక్కడికెళ్ళినా పనికొస్తుంది," అంది.

భర్త మాత్రం ఆ వేసవిలో రెండు పేపర్లూ రాసేశాడు. పని పోయాక గానీ చదవడానికి తీరిక దొరకలేదు. తర్వాత శంషాబాద్‌లో విమానాల మరమ్మతు షెడ్డులో చేరాడు. సంసారం ముంబయి నుంచి హైదరాబాద్‌కి మారింది.

తెనాలి పిల్లని గో ఎయిర్ తీసుకుంది. ఏడాది తిరక్కుండానే, 2020 మార్చి 25న కరోనా వల్ల దేశంలో ప్రయాణికుల విమానాలన్నీ ఆగాయి. రెండు నెలలు నేలమీదే. చాలా కంపెనీలు జీతం లేని సెలవులిచ్చాయి. జెట్ పోతే ఇంకో విమానం ఉందిలే అనుకున్నవాళ్ళ రెండో దారి కూడా మొదటి దారిలోనే కలిసింది. ఇన్‌స్టిట్యూట్ కూడా మూతపడింది. సీనియర్ ఓ ఆసుపత్రిలో రోగుల బంధువులతో మాట్లాడే డెస్కు మీద చేరింది. గాభరాపడ్డ మనిషికి నెమ్మదిగా మాట చెప్పడం అక్కడ పనికొచ్చింది. ఆ పని వదల్లేదు.

జెట్ మళ్ళీ ఎగురుతుందని చెప్పుకుంటూనే ఉన్నారు. దివాలా తీసిన కంపెనీని కొని నడుపుతామన్న జలాన్-కల్‌రాక్ కన్సార్టియం ప్రణాళికకి 2021 జూన్‌లో కంపెనీ లా ట్రైబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ) ఆమోదం వచ్చింది. సిబ్బంది పీఎఫ్, గ్రాట్యుటీ చెల్లించాలని 2022 అక్టోబరులో అప్పిలేట్ ట్రైబ్యునల్ అంది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు దాన్నే నిలబెట్టింది. డబ్బు రాలేదు, ప్రయాణికులతో విమానమూ లేవలేదు. 2024 నవంబరు 7న కంపెనీని అమ్మి అప్పులు తీర్చమని సుప్రీంకోర్టు లిక్విడేషన్‌కి ఆదేశించింది.

ఆ తీర్పుకి ఏడాదిన్నర ముందు, 2023 మేలో, ఆసుపత్రి డెస్కు మీద ఉండగా సీనియర్‌కి తెనాలి పిల్ల నుంచి ఫోనొచ్చింది. ఇంజన్లు దొరక్క సగం విమానాలు నిలిచిపోయాయంటూ గో ఫస్ట్‌గా పేరు మార్చుకున్న గో ఎయిర్ దివాలా పిటిషన్ వేసిన వారం అది.

"అక్కా, మళ్ళీ."

"విన్నాను. జీతం స్లిప్పులు, ఫారం 16, ట్రైనింగ్ సర్టిఫికెట్లు దించుకున్నావా? కంపెనీ లాగిన్ ఏ రోజైనా ఆగిపోతుంది."

"ఇంకా లేదు. మళ్ళీ మొదలెడతారంటున్నారక్కా, కొన్నాళ్ళు ఆగి చూద్దామని."

"ఆగు, కాదనను. ఆగుతూనే ఎయిరిండియా ఇంటర్వ్యూకి వెళ్ళు, వాళ్ళు తీసుకుంటున్నారు. హెల్త్ పాలసీ నీ పేరు మీద సొంతంగా తీసుకో. బకాయిలకి ఫారం డి అని ఉంటుంది, అది నింపాలి."

"గ్రాట్యుటీ కూడా అందులోనే రాయాలా?"

"నీకు రాదమ్మా. అక్కడ రెండేళ్ళు, ఇక్కడ నాలుగు నిండలేదు. ఒకేచోట ఐదేళ్ళుండాలి."

"ఆరేళ్ళు ఎగిరానక్కా."

"తెలుసు. బకాయి జీతం లెక్క రాయి. బేసిక్ ఒక్కటే రాసేవు, అలవెన్సులు కూడా కలుపు. అందుకే స్లిప్పులు ముందు దించుకోమన్నది."