మాట రాని మృగాలు

మనిషి మృగంగా మారడం మనకేమంత కొత్త సంగతి కాదు. మారీచుడు బంగారు లేడి అయ్యాడంటే, ‘ఎలా అయ్యాడే?’ అని ఏ మనవడూ బామ్మని నిలదీయడు. కథలో ఒక్క మాటతో పని జరిగిపోతుంది. కెమెరా ముందు అలా కుదరదే! మారడం కళ్లకి కనబడాలి.

సినిమాకి మాటలు రాని రోజుల్లో, 1913లో, హెన్రీ మాక్‌రే అనే దర్శకుడు అమెరికాలో ‘ది వేర్‌ఉల్ఫ్’ అని రెండు రీళ్ల చిత్రం తీశాడు. తెరకెక్కిన మొదటి తోడేలు మనిషి కథ ఇదేనంటారు. భర్త తనని వదిలేసి పోయాడని నమ్మిన ఒక నవహో స్త్రీ, తెల్లవాళ్ల మీద పగ నూరిపోసి కూతుర్ని పెంచుతుంది. పగ తీర్చుకోడానికి ఆ పిల్ల తోడేలవుతుంది. కోరలూ బొచ్చూ తగిలించలేదు. నటి బొమ్మ మెల్లగా చెరిగిపోతూంటే అదే చోట నిజం తోడేలు తేలుతుంది. లెన్సు మూస్తూ ఒకటి తీసి, ఫిల్ము వెనక్కి తిప్పి, లెన్సు తెరుస్తూ రెండోది తీయడం ఆనాటి కెమెరావాళ్లకి తెలిసిన చిట్కాయే.

1920లో జాన్ బారీమోర్ మొహాన్నే నమ్ముకున్నాడు. ‘డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్’లో రసాయనం తాగి మొదటిసారి మారేటప్పుడు, రంగు సాయం లేకుండా, ఒట్టి మొహం వంకర్లు తిప్పే పెద్దమనిషిని పశువుని చేసి చూపించాడు. పొడుగాటి వేళ్లూ, మొనదేలిన తలా తర్వాత వచ్చి చేరాయి.

1925 నాటి ‘వుల్ఫ్ బ్లడ్’ మరీ చిత్రం. కెనడా అడవుల్లో కలప కొట్టించే ఆసామికి దెబ్బ తగిలి నెత్తురు పోతుంది. నెత్తురిచ్చే మనిషి దొరక్క డాక్టరు తోడేలు నెత్తురు ఎక్కిస్తాడు. అంతే! అతను తోడేలు కాడు, అయ్యానేమోనని హడలిపోతాడు. చుట్టూ ఉన్నవాళ్ల గుసగుసలు ఆ భయానికి ఎరువు.

మూడింటినీ పక్కపక్కన పెట్టి, మృగం ఎవరిలో ఉందనుకున్నారో చూడండి. మొదటిదాంట్లో పరాయి జాతిలో. రెండోదాంట్లో గౌరవనీయుడైన డాక్టరుగారిలో. మూడోదాంట్లో ఉట్టి అనుమానంలో!

మొదటి తోడేలుని మాత్రం మనం చూడలేం. దాని ప్రతులన్నీ 1924లో యూనివర్సల్ వారి అగ్నిప్రమాదంలో బూడిదయ్యాయంటారు. ఆనాటి నైట్రేటు ఫిల్ముకి నిప్పురవ్వ చాలు మరి. అమెరికా మూకీ కథాచిత్రాల్లో దాదాపు 70 శాతం ఇక లేనట్టేనని 2013లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ లెక్క తేల్చింది.

మనిషి నిజంగా తోడేలైన సినిమా పోయింది. ఎవరూ ఏమీ కాని ‘వుల్ఫ్ బ్లడ్’ మిగిలి, ఇప్పుడు దొరికే తోడేలు మనిషి చిత్రాల్లో పెద్దన్న అనిపించుకుంటోంది. మృగం కంటే అనుమానానికే ఆయుష్షు ఎక్కువన్నమాట!