రాకాసిగుళ్ళు

తెలంగాణ పల్లెల్లో పొలాల నడుమ వలయంగా పేర్చిన బండలు, వాటి మధ్య రాళ్ళకుప్ప కనబడితే జనం రాకాసిగుళ్ళంటారు. నిజానికవి ఇనుపయుగపు మానవుల సమాధులు. కుప్ప క్రింద పలకరాళ్ళు నిలిపి, పైన మూతబండ పరచిన గది ఉంటుంది. అందులో అస్థికలు, నలుపు ఎరుపు వన్నెల మట్టిపాత్రలు, ఇనుప పనిముట్లు లభిస్తాయి.

19వ శతాబ్ది నడుమ, సురపురం సంస్థానంలో అధికారిగా ఉన్న మెడోస్ టేలర్ భీమానదీ ప్రాంతాన జేవర్గి వద్ద ఇటువంటి సమాధులను త్రవ్వించాడు. వస్తువులను ఏరుకొని తృప్తిపడక, ఏది ఏ పొరలో ఉన్నదో చిత్రించి ఉంచాడు. 1947లో వీలర్ బ్రహ్మగిరిలో త్రవ్వి, ఈ సంస్కృతి రాతిగొడ్డళ్ళ కాలానికీ శాతవాహన యుగానికీ నడిమిదని నిరూపించాడు. పొరలు చెదరకుండా ఉండబట్టే ఆ నిర్ణయం సాధ్యమైంది. దారం తెగి ఆకులు కలగలిసిన తాళపత్ర గ్రంథంలో అక్షరాలు మిగులుతాయి గాని అన్వయం కుదరదు. పెకలించిన సమాధి గతీ అంతే.

ఒకప్పుడు రాకాసి భయమే వీటికి కాపలా. ఇప్పుడు భయం పోయి యంత్రాలు వచ్చాయి. 1958 నాటి చట్టానికి 2010లో జరిగిన సవరణ, కేంద్ర రక్షిత స్థలానికి 100 మీటర్ల దాకా నిర్మాణాలను నిషేధించింది. ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అయితే రక్షితమని ప్రకటింపబడని సమాధికి ఈ కవచం లేదు.

2025లో ముడుమాల నిలువురాళ్ళు యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కడం ముదావహమే. కాని ఊరూరా ఉన్న రాకాసిగుళ్ళను పొలాలు చదునుకాకముందే గుర్తించి గ్రామపటాలలో నమోదు చేయాలి. త్రవ్వాలా, తాకకుండా ఉంచాలా అన్నది పురాతత్త్వవేత్తలు తరువాత తేల్చగలరు. రాళ్ళే లేకపోతే తేల్చడానికేమీ ఉండదు.