రెండో మానిటర్ ఎందుకు కనబడదు? 128 బైట్ల కథ

ల్యాప్‌టాప్‌కి రెండో మానిటర్ తగిలిస్తాం. లైటు వెలుగుతుంది, తెర మీద మాత్రం ‘నో సిగ్నల్’. సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూస్తే ఒక్క స్క్రీనే ఉంటుంది. 2020లో లాక్‌డౌన్ పెట్టాక, హైదరాబాద్ నుంచి సొంత ఊళ్లకి వెళ్లి పని చేసుకున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగిన ప్రశ్న ఇదే. చాలామంది మానిటర్ పోయిందనుకుని కొత్తది కొనేస్తారు. నేను చెప్పేదేంటంటే, చాలాసార్లు మానిటర్ బాగానే ఉంటుంది. ‘నేను ఫలానా’ అని అది చెప్పే మాట కంప్యూటర్ దాకా చేరదు, అంతే. మానిటర్ అసలు మాట్లాడటం ఎప్పుడు నేర్చుకుందో తెలిస్తే, తప్పు ఎక్కడుందో వెతకడం తేలికవుతుంది.

రెండు మానిటర్లు పెట్టుకోవడం కొత్త సంగతేమీ కాదు. 1981లో వచ్చిన ఐబీఎం పీసీకి రెండు రకాల డిస్‌ప్లే కార్డులు ఉండేవి. ఒకటి అక్షరాలకి, రెండోది రంగులకీ బొమ్మలకీ. రెండూ మెమరీలో వేరువేరు చోట్లు వాడుకునేవి కాబట్టి ఒకే పెట్టెలో కలిసి ఉండగలిగాయి. 1983లో వచ్చిన లోటస్ 1-2-3 వాడేవాళ్లు అంకెలు ఒక తెర మీద, గ్రాఫు ఇంకో తెర మీద చూసుకునేవారు. ప్రోగ్రామర్లు ఒకదాని మీద ప్రోగ్రామ్ నడిపి, రెండోదాని మీద తప్పులు వెతుక్కునేవారు.

కానీ అప్పుడు కంప్యూటర్ మానిటర్‌ని ఏమీ అడిగేది కాదు. కార్డు సిగ్నల్ పంపేసేది, అవతల ఏముందో దానికి తెలియదు. రెండు కార్డులకీ చూడటానికి ఒకేలా ఉండే తొమ్మిది పిన్నుల సాకెట్టే. ఒకదానికి పెట్టాల్సిన మానిటర్ ఇంకోదానికి పెడితే మానిటర్ దెబ్బతినే ప్రమాదం కూడా ఉండేది. గుర్తుపట్టే బాధ్యత అంతా మనిషిదే అన్నమాట.

1987లో రెండు మార్పులు వచ్చాయి. ఆపిల్ మాకింటోష్ 2లో ఆరు స్లాట్లు ఇచ్చారు. ఒకటికి మించి వీడియో కార్డులు పెట్టి, ఒకే డెస్క్‌టాప్‌ని పక్కపక్క తెరల మీద పరుచుకోవచ్చు. అదే ఏడాది ఐబీఎం వీజీఏ తెచ్చింది. మనందరికీ తెలిసిన ఆ నీలం రంగు, 15 పిన్నుల ప్లగ్గు దానిదే. అందులో కొన్ని పిన్నులు మానిటర్ గుర్తింపు కోసం పక్కన పెట్టారు. అయితే అవి ‘రంగుల తెరా, నలుపు తెలుపా’ లాంటి ఒకటి రెండు ప్రశ్నలకి జవాబు చెప్పగలిగేవి, అంతకు మించి లేదు.

తర్వాత రకరకాల కంపెనీల మానిటర్లు మార్కెట్లోకి వచ్చాయి. విండోస్‌లో మానిటర్ మోడల్‌ని మనమే జాబితాలో వెతికి ఎంచుకోవాల్సి వచ్చేది. తప్పు ఎంచుకుంటే బొమ్మ కదిలిపోయేది. ఈ గొడవ తీర్చడానికి వెసా అనే ప్రమాణాల సంస్థ 1994లో డీడీసీ అనే పద్ధతి ప్రకటించింది. మానిటర్ లోపల ఒక చిన్న మెమరీ చిప్పు పెట్టి, అందులో 128 బైట్ల సమాచారం రాస్తారు. దాన్నే ఈడీఐడీ అంటారు. తయారుచేసిన కంపెనీ కోడ్ మూడు అక్షరాలు, మోడల్, తయారైన సంవత్సరం, తెర కొలత, ఏ రిజల్యూషన్లు పనిచేస్తాయి, ఇవన్నీ అందులో ఉంటాయి. ఆ 128 సంఖ్యల్ని కూడితే వచ్చేది 256తో శేషం లేకుండా భాగించబడాలి. లేకపోతే సమాచారం చెడిపోయిందని అర్థం.

వీజీఏ కేబుల్‌లో ఈ మాటలు నడిచేది 12, 15 పిన్నుల మీద. బొమ్మ తీగలు వేరు, మాట తీగలు వేరు. ఇది గుర్తుపెట్టుకోండి. విండోస్ 98 నుంచి విండోస్‌లోనే ఒకటికి మించి మానిటర్లు వాడే సదుపాయం వచ్చింది. 2002లో హెచ్‌డీఎంఐ వచ్చినా లోపల ఇదే సంభాషణ. ముందు కంప్యూటర్ 18వ పిన్ను మీద 5 వోల్టులు ఇస్తుంది. మానిటర్ 19వ పిన్ను మీద ‘నేనున్నాను’ అంటుంది. అప్పుడు 15, 16 పిన్నుల మీద కంప్యూటర్ ఆ వివరాలు చదువుకుంటుంది.

ఇప్పుడు మన సమస్య దగ్గరికి వద్దాం. మానిటర్ మెనూలో ఇన్‌పుట్ సరిగ్గా ఉందో లేదో ముందు చూడండి. విండోస్ కీ, పి కలిపి నొక్కి ‘ఎక్స్‌టెండ్’ ఎంచుకోండి. తర్వాత కేబుల్ రెండు చివరలా తీసి గట్టిగా పెట్టండి. బొమ్మ వస్తోంది గానీ 1024x768 దాటడం లేదంటే, బొమ్మ తీగలు బాగున్నాయి, మాట తీగలు తెగాయని అనుమానించాలి. కొన్ని చవక వీజీఏ కేబుళ్లలో ఆ పిన్నులే ఉండవు. ఒక్కోసారి మానిటర్ లోపలి ఎలక్ట్రానిక్స్ బిగుసుకుపోతుంది. స్విచ్ ఆపడం చాలదు, పవర్ ప్లగ్గు పీకి ఒకటి రెండు నిమిషాలు ఆగండి.

డెస్క్‌టాప్‌లో వేరే గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ దానికే పెట్టాలి, మదర్‌బోర్డు సాకెట్‌కి కాదు. ల్యాప్‌టాప్‌లో టైప్-సి పోర్టు అయితే, ప్రతి టైప్-సి వీడియో పంపదు, ప్రతి కేబులూ పంపదు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే అడాప్టర్‌లో చిప్పు ఉండి తీరాలి. పైగా అది ఒకే దిక్కున పనిచేస్తుంది, తిప్పి పెడితే పలకదు. ఇవన్నీ సరిగ్గా ఉంటే గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ వేసి చూడండి. చివరిగా అదే మానిటర్‌ని, అదే కేబుల్‌తో వేరే కంప్యూటర్‌కి పెట్టండి. అక్కడ పలికితే మానిటర్ తప్పు లేనట్టే.

వేల రూపాయల మానిటర్‌ని పాత సామాన్ల వాడికి ఇచ్చేసే ముందు, వందల్లో దొరికే కేబుల్ మార్చి చూడండి. డబ్బు మిగులుతుంది, ఈ-చెత్త కూడా తగ్గుతుంది. మీ దగ్గర ఇలాంటి మూగ మానిటర్ ఉంటే ఏ కేబుల్, ఏ పోర్టు వాడుతున్నారో రాయండి, చూద్దాం.