రెండు వలసల ఊరు చీరాల

ఆదివారం వచ్చిందంటే చీరాల స్టేషన్ బయట ఆటోలు ఓడరేవు వైపు బారులు తీరుతాయి. గుంటూరు, విజయవాడ, హైదరాబాదుల నుంచి కుటుంబాలకు కుటుంబాలే దిగుతాయి. కార్తీకమాసంలోనైతే సముద్రస్నానాలు చేసేవాళ్లతో ఒడ్డున కాలు పెట్టే చోటుండదు. రామాపురం వైపు రిసార్టులు లేచాయి. వచ్చినవాళ్లు సముద్రం చూసి, చేపలు తిని, వీలైతే ఓ చేనేత చీర కొనుక్కుని బండెక్కుతారు. వాళ్లకు చీరాలంటే అంతే. అందులో వాళ్ల తప్పేం లేదు. ఈ ఊరు ఎవరితో నిండిందో, ఎట్లా నిండిందో వాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

1921 నాటికి చీరాల, పేరాలలు కలిపి సుమారు 15 వేల జనాభా. 2011 లెక్కల్లో మునిసిపాలిటీ పరిధిలోనే 87 వేల దాకా ఉన్నారు. ఈ పెరుగుదలకు కారణాలు చెప్పమంటే రైలుమార్గం, మగ్గం, పొగాకు, బట్టల వ్యాపారం అంటారు. నిజమే. చీరాల తేలియా రుమాళ్లు ఒకప్పుడు ఓడలెక్కి అరబ్బు దేశాల దాకా పోయాయి. కానీ ఈ జాబితాలో కారంచేడు ఉండదు. అది చేరకుండా చీరాల జనాభా చరిత్ర పూర్తికాదని మేం అంటున్నాం.

చీరాలలో వలస అనగానే పాఠ్యపుస్తకాలకు 1921 ఒక్కటే గుర్తొస్తుంది. 1919లో చీరాల–పేరాలను మునిసిపాలిటీ చేశారు. ఏడాదికి 4 వేల రూపాయలున్న పన్ను 40 వేలకు పెరిగింది. మగ్గం మీద బతికే ఊరు మోయలేనంది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం ఇళ్లకు తాళాలేసి, పొలిమేర దాటి పాకలేసుకుని, ఆ చోటికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. దాదాపు పదకొండు నెలలు ఎండకూ వానకూ ఓర్చుకున్నారు. గోపాలకృష్ణయ్య జైలుపాలయ్యాక, 1922లో తిరిగి ఇళ్లకు చేరారు.

ఆ త్యాగాన్ని మేం తక్కువ చేయడం లేదు. కానీ ఒక్క మాట గమనించాలి. వెళ్లినవాళ్లకు తిరిగి రావడానికి ఇళ్లున్నాయి. వాళ్లను ఊరు దాటించింది పన్ను, ప్రాణభయం కాదు.

రెండో వలస 1985లో, ఎదురు దిక్కున జరిగింది. చీరాలకు ఏడు కిలోమీటర్ల దూరంలో ఉంది కారంచేడు. కాలవ నీళ్లతో పండే, భూమంతా ప్రధానంగా కమ్మ రైతుల చేతుల్లో ఉన్న పెద్ద ఊరు. మాదిగలు తాగే చెరువు నీళ్లను పశువుల కుడితితో పాడుచేస్తుంటే జులై 16న మాదిగలు అడ్డుచెప్పారు. కొట్టబోతే నీళ్లకొచ్చిన ఓ స్త్రీ బిందె ఎత్తింది. మర్నాడు, జులై 17న, మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. ఆడపిల్లలను చెరిచారు. చావు తప్పినవాళ్లు పొలాలకడ్డంపడి చీరాలకు పరుగెత్తారు. చర్చి ఆవరణే వాళ్లకు శిబిరమైంది.

అక్కడే అసలు చరిత్ర మొదలైంది. 'రాజీ చేస్తాం, ఊరికి తిరిగి పొండి' అన్నమాటకు వాళ్లు ఒప్పుకోలేదు. మళ్లీ ఆ పొలాల్లో కూలికి దిగం, మాకు పట్నంలోనే చోటు కావాలన్నారు. కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటివాళ్లు వెంట నిలిచారు. ఆ ఏడే దళిత మహాసభ పుట్టింది. చీరాల అంచున విజయనగర్ కాలనీ వెలిసింది. 1921లో తిరిగి రావడంతో పోరాటం ముగిస్తే, 1985లో తిరిగి పోకపోవడమే పోరాటమైంది. దానికి వాళ్లు చెల్లించింది తక్కువేం కాదు. నాట్లకూ కోతలకూ అలవాటుపడ్డ చేతులు పట్నంలో కొత్త కూలి వెతుక్కోవాల్సి వచ్చింది. కేసు సుప్రీంకోర్టు తీర్పు దాకా వచ్చేసరికి 2008 అయింది. అంటే 23 ఏళ్లు!

మరి జనాభా లెక్కల్లో వీళ్లు ఎట్లా కనబడతారు? ఇక్కడ ఇంకో చిక్కుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ గుర్తింపు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. కోస్తాలో తరతరాలుగా చర్చికి పోయే మాల మాదిగలు మతం ఉన్నదున్నట్టు రాయిస్తే ఎస్సీ లెక్కలోంచి తప్పుకుంటారు. రాష్ట్రంలో వాళ్లు బీసీ–సి కిందికి పోతారు. కులం వదలదు, హక్కు వదిలిపోతుంది. ప్రాణం కాపాడిన చర్చి పేరు లెక్కల మనిషి ముందు చెప్పుకోలేని స్థితి ఇది. కాబట్టి కోస్తా పట్నాల్లో ఎస్సీల శాతం అని అచ్చయ్యే అంకెను మేం అనుమానంతోనే చదువుతాం.

అంకెల్లోకి రాని జనం ఇంకా ఉన్నారు. ఆదివారపు సందర్శకులు జనగణనలో చేరరు, కానీ రోడ్లూ నీళ్లూ స్థలాల ధరలూ వాళ్లను చూసే కదులుతాయి. లెక్కలో ఉన్న మత్స్యకారులకు ఒడ్డున వల ఆరేసుకునే చోటు కూడా బేరంలో పడుతుంది. రిసార్టు గదులు ఊడ్చేదెవరు, ఒడ్డున మిగిలిన చెత్త ఎత్తేదెవరు, వాళ్ల కూలెంత, వాళ్లు ఏ వాడ నుంచి వస్తున్నారు? పర్యాటకం పెరిగితే ఊరు బాగుపడుతుందనే ముందు ఈ లెక్కలు తేలాలి.

చీరాల ఇప్పుడు ప్రకాశం జిల్లాలో లేదు, 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉంది. జిల్లా పేరు మారినా వాడలు మారలేదు. ఇక్కడి కాలేజీల్లో చదివే విద్యార్థులనూ, పాఠాలు చెప్పే మిత్రులనూ మేం అడిగేది ఒకటే. చర్చి ఆవరణలో తలదాచుకున్న నాటికి ఇరవై ఏళ్లున్నవాళ్లు ఇప్పుడు అరవై దాటారు. ఓడరేవుకు పోయే ఒక్క ఆదివారం విజయనగర్ కాలనీకి పోండి. వాళ్ల పక్కన కూర్చుని, ఎట్లా వచ్చారో, వచ్చాక ఎట్లా బతికారో వాళ్ల మాటల్లోనే రాసుకోండి. ఆ రాతలు రాకముందే ఆ తరం వెళ్లిపోతే, చీరాలకు ఒక్క వలసే మిగులుతుంది.