మూలం చేతిలో ఉంటే

మా మఠంపల్లి ప్రాంతంలో నేల కింద సున్నపురాయి ఉంది. అందుకే ఇక్కడ సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. రాయిని పొడిచేసి, సుమారు 1450 డిగ్రీల వేడిలో కాల్చి, మళ్ళీ మెత్తగా నూరితే సిమెంటు అవుతుంది. బస్తాలోకి చేరిన సిమెంటును తిరిగి రాయిగా మార్చడం ఎవరి తరమూ కాదు.

సాఫ్టువేరు సంగతీ ఇంతే. మనం నడిపే ప్రోగ్రాము బస్తాలోని సిమెంటు. మనిషి చదవగలిగేలా రాసిన సోర్సు కోడు దాని సున్నపురాయి. కోడును యంత్రభాషలోకి మార్చడమే కంపైలు చేయడం. తెలుగు కంప్యూటరు తెరకెక్కిన కథలో ఈ మూలానికి ఉన్న పాత్రను మనం తరచూ మరచిపోతుంటాము.

1990ల తొలినాళ్ళలో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్.టి.ఎస్. పద్ధతిని రూపొందించారు. ఆ రోజుల్లో యూనిక్సు యంత్రాలు రకరకాలుగా ఉండేవి. ఒకదానిపై తయారైన ప్రోగ్రాము మరొకదానిపై నడిచేది కాదు. అందువల్ల ప్రోగ్రాములను మూలరూపంలో పంచుకోవడం, ఎవరి యంత్రంపై వారు కంపైలు చేసుకోవడం ఆనవాయితీ.

తరువాత జాలంలోకి తెలుగు పత్రికలు వచ్చాయి. యూనికోడులో 1991 నుండే తెలుగుకు చోటున్నా, పత్రికలు మాత్రం ఎవరి ఖతి వారు వాడుకున్నాయి. ఆ ఖతి లేని యంత్రంలో తెలుగుకు బదులు పిచ్చిగీతలే కనిపించేవి. ఆ రాతలను ఫైర్‌ఫాక్సులో యూనికోడుగా మార్చి చూపడానికి నాగార్జున వెన్నా ‘పద్మ’ను తయారుచేసి, దాని కోడును అందరికీ అందుబాటులో ఉంచారు. ఆ కోడు ఆధారంగానే 2006లో వీవెన్ ‘లేఖిని’ని నిర్మించారు. మనలో ఎందరో తొలి తెలుగు వాక్యం రాసుకున్నది అందులోనే కదా! 2017 నవంబరులో ఫైర్‌ఫాక్సు 57వ కూర్పు పాతతరహా పొడిగింతలను నిలిపివేసింది. కానీ పద్మలో పడిన శ్రమ లేఖినిలో నిలిచింది. మూలం దాచి ఉంచితే ఈ వారసత్వం సాధ్యమయ్యేదా?

పద్మ, లేఖిని జావాస్క్రిప్టులో రాసినవి. వాటిని కంపైలు చేయనక్కరలేదు. లినక్సులో మన వొత్తులను వాటి చోట కూర్చే పాంగో అలా కాదు, అది సీ భాషలో రాసినది. గ్రీకు ‘పాన్’, జపనీ ‘గో’ కలిపి పెట్టిన పేరు. సర్వభాషలూ అని భావం. దాని కొత్త కూర్పు కోసం ఒకప్పుడు నేను డయలప్ మీద తంటాలు పడ్డాను. లైను తెగిన ప్రతిసారీ ఆగిన చోటినుండి మళ్ళీ దింపుకోవాలి. మూట విప్పి ‘కాన్ఫిగర్’ నడిపితే ఒక లైబ్రరీ లేదన్నది. అది తెచ్చాక మరొకటి లేదన్నది. చివరకు ‘మేక్’ మొదలై తెరమీద వరుసలు పరుగెడుతుండగా కరెంటు పోయింది!

శ్రమంతా వృథా అనుకున్నాను. కరెంటు వచ్చాక చూస్తే సగం పని భద్రంగానే ఉంది. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన ఈ మేక్, ఫైళ్ళ తేదీలు పోల్చి, మిగిలిన వాటినే కంపైలు చేస్తుంది. తెల్లవారేసరికి ‘మేక్ ఇన్‌స్టాల్’ కూడా పూర్తయింది. నేను కంపైలు చేసిన ప్రోగ్రాములో ‘క్ష్మి’ తెరమీద కుదురుగా నిలవడం చూసి పొందిన ఆనందం ఇంతా అంతా కాదు.

నేడు ఆ అక్షరాలు కూర్చే పనిని ఫైర్‌ఫాక్సు, క్రోము, ఆండ్రాయిడులలో హార్ఫ్‌బజ్ చేస్తున్నది. దాని మూలమూ బహిరంగమే. 2005లో పుట్టిన గిట్ సాయంతో ఒక్క ఆదేశంతో చరిత్రతో సహా దింపుకోవచ్చు. అందరూ కంపైలు చేయాలని నేననను. మన వొత్తు ఎక్కడో తప్పుగా పడితే, సరిదిద్దే దారి మన ఊరి పిల్లవాడికీ తెరచి ఉండాలి. అది మూలం దొరికినప్పుడే సాధ్యం.